ఏడాది థీసిస్‌ని ట్రాక్ చేస్తున్నారా? ఆ పర్సెంటేజ్‌ని నమ్మకండి

యాప్‌లో పచ్చ గీత 80% దగ్గర కనిపిస్తే హాయిగానే ఉంటుంది. కానీ ఆ 80 వేసింది ఎవరు? మనమే కదా! పెద్ద ప్రాజెక్ట్‌లో ఈ నంబర్ ఎలా ముంచుతుందో తెలియాలంటే అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ ఆర్కిటెక్చరల్ ఇంజినీరింగ్ థీసిస్‌ని చూడండి.

అక్కడ ఇది ఐదేళ్ల కోర్సు. చివరి ఏడాది ప్రతి స్టూడెంట్ ఒక నిజమైన బిల్డింగ్‌ని తీసుకుంటారు. మొదటి సెమిస్టర్‌లో ఉన్న డిజైన్‌ని స్టడీ చేసి టెక్నికల్ రిపోర్టులు రాయాలి, చివర్లో ప్రపోజల్ ఇవ్వాలి. రెండో సెమిస్టర్ అంతా రీడిజైన్. అది కూడా తమ స్పెషలైజేషన్‌లో మాత్రమే అంటే సరిపోదు, బయటి రెండు అంశాలూ చూడాలి. ఏప్రిల్‌లో ప్రజెంటేషన్.

ఇప్పుడు స్ట్రక్చరల్ స్టూడెంట్ ఒకరు స్టీల్ ఫ్రేమ్ తీసేసి కాంక్రీట్ పెట్టారనుకోండి. బిల్డింగ్ బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే భూకంప లోడ్ పెరుగుతుంది. అప్పుడు పునాది మళ్లీ చెక్ చేయాలి, ఖర్చు మళ్లీ లెక్కేయాలి. నిన్న "అయిపోయింది" అని టిక్ పెట్టిన పని ఈరోజు మళ్లీ తెరుచుకుంటుంది. టిక్ మాత్రం అలాగే ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే: పాత లోడ్‌తో లెక్కేసిన పునాదిని జ్యూరీ ముందు పెట్టేస్తాం!

అందుకే పర్సెంటేజ్ కాలమ్ తీసేయండి. గూగుల్ షీట్స్‌లో పని పేరు, గడువు, చేతికొచ్చే ఫైల్, ఏ పని మీద ఆధారపడింది, ఆ పై పని చివరిగా మారిన తేదీ, దీన్ని చివరిగా సరిచూసిన తేదీ... ఇవి చాలు. తర్వాత కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఒకే ఒక రూల్: మారిన తేదీ, సరిచూసిన తేదీ కంటే తర్వాతదైతే ఆ వరస ఎర్రగా మారాలి. పునాదిని ఫిబ్రవరి 3న చూశారు, కాలమ్స్ 10న మారాయి, అంటే పునాది ఎరుపు. రూల్‌ని ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి సెట్ చేసుకుంటే చాలు, తర్వాత ఫోన్‌లో తేదీలు మార్చుకోవడమే. మన బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కీ ఇదే షీట్ పనికొస్తుంది. (రంగురంగుల టెంప్లేట్లు డౌన్‌లోడ్ చేసి రోజంతా అలంకరిస్తూ కూర్చోవడం కూడా పని ఎగ్గొట్టడమే, నా లెక్కలో!)

ఫైళ్ల సంగతి కూడా చూసుకోండి. గూగుల్ డ్రైవ్‌లో ఒకే పేరుతో మోడల్ ఫైల్ అప్‌లోడ్ చేస్తూ పోతే పాత వెర్షన్లు శాశ్వతంగా ఉండవు. 30 రోజులు దాటినా, 100 వెర్షన్లు దాటినా పాతవి డిలీట్ అయిపోవచ్చు. అక్టోబర్ మోడల్ మార్చిలో కావాలంటే దొరకదన్నమాట. ప్రతి రిపోర్ట్ ఇచ్చిన రోజు మోడల్ వెర్షన్‌కి "కీప్ ఫరెవర్" పెట్టండి, లేదా తేదీ వేసి వేరే కాపీ తీసుకోండి.

ఇంకొకటి. రెవిట్ కొత్త వెర్షన్ దాదాపు ఏటా ఏప్రిల్ ప్రాంతంలోనే వస్తుంది, అంటే సరిగ్గా ప్రజెంటేషన్ల టైమ్‌లో. కొత్త దాంట్లో సేవ్ చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో ఓపెన్ కాదు. కాలేజ్ ల్యాబ్‌లో ఉన్న వెర్షన్ ఏదో ముందే చూసుకుని, థీసిస్ అయ్యేదాకా అప్‌డేట్ జోలికి వెళ్లకండి.