బోదకాలు మాత్ర మింగితే జ్వరమా? భయపడొద్దు!

అమీర్‌పేటలో గది తీసుకుని చదివే కొడుకుకైనా, ఊళ్లో నాట్లేసే మీకైనా బోదకాలు తెచ్చేది మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమే. అది కుడితే చేరే పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. మన రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. అందుకే మొదట్లో పైకేమీ తెలియదు.

ఏడాదికోసారి ఇచ్చే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు మింగితే పిల్ల పురుగులు చస్తాయి. అప్పుడు ఒళ్లు వాటిపై తిరగబడుతుంది. జ్వరం, దురద అందుకే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. తగ్గకుంటే డాక్టరుకు చూపించండి. అంతేగాని మాత్రలు పెంటకుప్పలో పారేయొద్దు.

అన్నం తిన్నాకే మింగాలి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు వేసుకోకూడదు.

ముదిరిన వాపు మాత్రలతో పోదు. పంజగుట్ట నిమ్స్ దాకా పోయినా కాలు మునుపటిలా కావటం కష్టం. వాచిన కాలును రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడవండి.