భాషలు నాలుగు కాదు... అప్లికేషన్ ఒక్కటి!

డిగ్రీ, డిప్లొమా, బీటెక్ విద్యార్థుల రెజ్యూమెల్లో సి, జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ అంటూ భాషల పేర్లు వరసగా ఉంటాయి. 'వీటితో ఏం తయారుచేశారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. ప్రోగ్రామింగ్‌లోకి కొత్తగా వచ్చేవారికి మేలైన దారి ఒకటుంది. ఒకే భాష పట్టుకుని, ఒక చిన్న అప్లికేషన్‌ను చివరిదాకా పూర్తిచేయాలి. దాన్నే ముందు డెస్క్‌టాప్‌కు, తర్వాత వెబ్‌కు తయారుచేస్తే రెండింటి పనితీరూ ఒంటబడుతుంది.

ఏ భాషతో మొదలుపెట్టాలి?

ఇప్పుడే మొదలుపెట్టేవారికి పైథాన్ అనువైనది. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన ఈ భాష ఉచితం, చదవడానికి తేలిక. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకుంటే విండోలు, బటన్లు తయారుచేసే టికింటర్, డేటా దాచుకునే ఎస్‌క్యూలైట్ కూడా దాంతోపాటే వస్తాయి. కోడ్ రాయడానికి విజువల్ స్టూడియో కోడ్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ అప్లికేషన్ల మీదే దృష్టి ఉన్నవారు సి షార్ప్, డాట్‌నెట్ ఎంచుకోవచ్చు. ఏది మొదలుపెట్టినా తొలి ప్రాజెక్టు పూర్తయ్యేదాకా మార్చొద్దు.

కిరాణా కొట్టు ఖాతా పుస్తకం

వీధి చివర కిరాణా కొట్టులో అప్పు ఖాతా రాసే పుస్తకం ఉంటుంది కదా. తొలి ప్రాజెక్టుకు అది చాలు. ఎవరు, ఏ తేదీన, ఎంత సరుకు తీసుకున్నారు, ఎంత కట్టారు, ఇంకా ఎంత బాకీ? కంప్యూటర్ ముందు కూర్చునేలోపే ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. కొట్టు యజమానిని అడిగి, ఆయన లెక్క ఎలా రాస్తారో చూడండి.

కోడ్ రాయడం మొదలుపెట్టగానే అసలు పాఠాలు ఎదురవుతాయి. స్క్రీన్ మీద ఒక బాక్సులో 50, ఇంకో బాక్సులో 20 టైప్ చేసి కలిపితే 70కి బదులు 5020 వస్తుంది. బాక్సులోంచి వచ్చేది సంఖ్య కాదు, అక్షరాల వరస. దాన్ని ముందు సంఖ్యగా మార్చుకోవాలి. ఆ తర్వాత దశాంశాల చిక్కు. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అని చూపిస్తుంది. బైనరీలో ఈ దశాంశాలు కచ్చితంగా ఇమడవు, కంప్యూటర్ వాటికి దగ్గరి విలువనే దాచుకుంటుంది. అందుకే డబ్బు లెక్కను పైసల్లో, పూర్ణసంఖ్యలుగా దాచడం మంచిది. ఖాతాదారుల్లో లక్ష్మి పేరుతో ఇద్దరుంటే ఒకరి బాకీ ఇంకొకరి పేరున పడుతుంది. ప్రతి ఖాతాకూ విడిగా ఒక నంబరు ఎందుకు ఇవ్వాలో, డేటాబేస్‌లో ప్రైమరీ కీ ఏం పనిచేస్తుందో అప్పుడు తెలిసొస్తుంది.

ఎర్రర్ వస్తే కంగారుపడొద్దు. పైథాన్ ఇచ్చే సందేశంలో చివరి లైన్ ముందు చదవండి. ఏం జరిగిందో అక్కడే ఉంటుంది. దాని పైన ఫైల్ పేరు, లైన్ నంబరు కనిపిస్తాయి.

అదే లెక్క, వెబ్‌లో

డెస్క్‌టాప్ అప్లికేషన్ పూర్తయ్యాక హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, కొద్దిగా జావాస్క్రిప్ట్ నేర్చుకుని, పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్ సాయంతో అదే ఖాతాను వెబ్‌లోకి తేవాలి. బాకీ లెక్కగట్టే కోడ్‌ను స్క్రీన్ కోడ్‌తో కలిపేయకుండా విడి ఫైల్లో రాసి ఉంటే, అది పెద్దగా మార్పుల్లేకుండా ఇక్కడా పనికొస్తుంది.

కొత్తగా వచ్చేది భద్రత. డెస్క్‌టాప్‌లో మీ కంప్యూటర్ ముందున్నవారే వాడతారు. వెబ్‌లో పెడితే చిరునామా తెలిసిన ఎవరైనా తలుపు తట్టగలరు. లాగిన్ ఉండాలి. పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు కాకుండా హ్యాష్ చేసి, అంటే తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాచాలి. యూజర్ టైప్ చేసిన మాటల్ని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకూడదు. అతికిస్తే డేటా మొత్తం అపరిచితుల చేతికి పోవచ్చు.

ఎక్కడ నేర్చుకోవాలి?

* హార్వర్డ్ యూనివర్సిటీ సీఎస్50 పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితం.
* వెబ్ కోసం ఫ్రీకోడ్‌క్యాంప్, ఎండీఎన్ ఉన్నాయి.
* స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చేయొచ్చు.
* ఐఐటీ బాంబే 'స్పోకెన్ ట్యుటోరియల్'లో కొన్ని పాఠాలు తెలుగు ఆడియోతోనూ ఉన్నాయి.

వీడియో చూస్తూ టైప్ చేస్తే సరిపోదు. చూశాక దాన్ని మూసేసి, అదే పని సొంతంగా చేయాలి. ఏఐ టూల్స్‌ను సందేహాలు తీర్చుకోవడానికి వాడండి. అవి ఇచ్చిన కోడ్‌లో ఏ లైన్ ఏం చేస్తుందో చెప్పలేకపోతే మాత్రం దాన్ని ప్రాజెక్టులో పెట్టొద్దు. ఇంటర్వ్యూలో ప్రశ్న వచ్చేది అక్కడి నుంచే.

రెజ్యూమెలో ఏం రాయాలి?

కోడ్‌లో మార్పుల్ని నమోదుచేసే గిట్ నేర్చుకుని, కోడ్‌ను గిట్‌హబ్‌లో ఉంచండి. అప్లికేషన్ ఏం చేస్తుందో, ఎలా నడపాలో రీడ్‌మీ ఫైల్లో రాయండి. ఖాతాదారుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు గిట్‌హబ్‌లో పెట్టొద్దు. రెజ్యూమెలో భాషల జాబితా కన్నా ముందు ఈ గిట్‌హబ్ లింకు ఉండాలి. ఫలానా కొట్టులో వాడుతున్నారని చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ దగ్గర అసలు సరుకు ఉన్నట్టే.

ఖరీదైన కోర్సు కోసమో, కొత్త ల్యాప్‌టాప్ కోసమో ఆగొద్దు. పైథాన్ నడిచే మామూలు కంప్యూటర్ చాలు, కాలేజీ ల్యాబ్‌లోదైనా సరే. ఈ వారమే మీ వీధిలోని కొట్టుకు వెళ్లి ఖాతా పుస్తకం చూపించమని అడగండి, తొలి ఫైల్ తెరవండి.