పాలవ్యానుకు వేరే ఇంజను వేయించే ముందు

పొందూరు ప్రాంతపు పాల సంఘాలకు ఉదయపు వ్యాను ఎంత అవసరమో సభ్యులకు వేరే చెప్పనవసరం లేదు. వేసవిలో క్యాన్లు రెండు మూడు గంటలు దారిలో నిలిచిపోతే పాలు పులుపెక్కుతాయి, శీతల కేంద్రం వారు వెనక్కి పంపుతారు, ఆ పూట డబ్బు రాదు. కనుక ఇంజను అరిగిపోయిందనగానే పాలకవర్గం వారు దొరికిన ఇంజను వేయించుటకు తొందరపడుట సహజమే.

ఇది కొత్త పని కాదు. ఒకప్పటి హిందూస్థాన్ మోటార్స్ వారి బెడ్‌ఫోర్డు, ప్రీమియర్ వారి ఫార్గో లారీలు ఎన్నో పెట్రోలుతో నడిచేవి. మద్రాసులో సింప్సన్ వారు 1950 దశకంలో పెర్కిన్స్ డీజిలు ఇంజన్ల తయారీ ప్రారంభించాక, యజమానులు వాటిని పాత లారీలకు ఎక్కించుకొన్నారు. డీజిలు చవక, లీటరుకు వచ్చే దూరమూ ఎక్కువ. బండ్ల పేర్లు మారినా చిక్కులు మాత్రం అవే.

మొదటిది వేగము. పాత ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగినప్పుడు వ్యాను గంటకు 60 కిలోమీటర్లు పోతుందనుకొందాము. కొత్తది 2,400 చుట్లు మించి తిరగదు. గేరుబాక్సు, డిఫరెన్షియలు పాతవే కనుక వేగము 48 దాటదు. ఊరూరా ఆగి క్యాన్లు ఎత్తుకొనే బండికి ఇది లోపమేమీ కాదు. డ్రైవరు సణిగినా డిఫరెన్షియలు మార్చి ఖర్చు పెంచవద్దు. బరువైన ఇంజను వేస్తే మాత్రం ముందు కమాను పట్టీలు చూపించుకోవలెను.

అసలు ప్రమాదము బ్రేకుల దగ్గర ఉన్నది. పెట్రోలు ఇంజను గాలి పీల్చే దారిలో యాక్సిలరేటరుతో తెరచుకొని మూసుకొనే రేకు ఉంటుంది. కాలు తీయగానే అది మూసుకొని వెనుక వాక్యూము ఏర్పడుతుంది. బూస్టరు ఉన్న బండిలో డ్రైవరు కాలికి సాయపడేది ఆ వాక్యూమే. డీజిలు ఇంజనుకు సాధారణంగా ఆ రేకు ఉండదు, కాబట్టి వేరే పంపు కావాలి. చాలా బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటరు వెనుకనే ఉంటుంది. తుక్కు కొట్టులో ఇంజను మాత్రమే కొని, పాత ఆల్టర్నేటరు తగిలిస్తే పంపు రానే రాదు. షెడ్డు ముందు ఖాళీ బండికి బ్రేకు బాగానే పడుతుంది. నిండు క్యాన్లతో వంతెన దిగేటప్పుడు పెడలు రాయిలా ఉంటుంది. నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో ఇట్టి బండినే మూడు నెలలు నడిపారు. “బ్రేకు కొంచెం గట్టి సార్” అని డ్రైవరు అంటూనే ఉన్నాడు గాని కారణము వెదికినవారు లేరు.

పరీక్ష సులువు. ఇంజను ఆపి పెడలు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అదిమి ఉంచి స్టార్టు చేయవలెను. పెడలు కొద్దిగా కిందికి దిగితే వాక్యూము అందుతున్నట్లు. దిగకపోతే మెకానిక్కుకు మిగతా డబ్బు ఇవ్వకండి.

ఇక కాగితాలు. ఇంజను నంబరు ఆర్.సి.లో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము ఇంజను మార్పునకు రవాణా శాఖ అనుమతి కావాలి. వేరే తయారీ ఇంజనైతే బయానా ఇవ్వకముందే శ్రీకాకుళము కార్యాలయంలో అడగండి. అనుమతి లేకుండా మార్చి ఉంటే 14 రోజులలో తెలిపి ఆర్.సి. దాఖలు చేయవలెను. అప్పుపై కొన్న బండికి అప్పిచ్చినవారి వ్రాతపూర్వక సమ్మతి కూడా కావాలి. ఆర్.సి.లో ఒక నంబరు, ఇంజనుపై మరొకటి ఉంటే, ప్రమాదము జరిగిన రోజున బీమా కంపెనీ వారు మొదట అడిగేది దానినే. బిల్లు లేని ఇంజను ఎంత చవకైనా ముట్టరాదు. అది దొంగ బండిది కావచ్చును. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 బండ్ల ఇంజన్లు సెన్సార్లతో, కంప్యూటరుతో ముడిపడినవి. పాత వ్యానుకు వాటి జోలికి పోవద్దు.

తీర్మానంలో “ఇంజను మరమ్మతు” అని వ్రాసి ఊరుకొనక, పాత నంబరు, కొత్త నంబరు రెండూ వ్రాయండి. దింపిన పాత ఇంజనును ఆస్తుల రిజిస్టరులో చూపి, వేలము వేసి, ఆ సొమ్ము సంఘము ఖాతాకు జమకట్టించండి.