ఐబ్ దాచి అమ్మితే బర్కత్ ఉండదు: పాత బండి కొనుగోలులో మేము నేర్చుకున్న పాఠం



ఈ సంచికలో ప్రతి ఏటా ఎంత చందా వసూలైంది, ఎందరికి సాయం అందింది అన్న లెక్క చెబుతుంటాం. ఈసారి మీరిచ్చిన డబ్బులో కొంత మా అజాగ్రత్త వల్ల ఎలా నష్టపోయిందో కూడా చెప్పాలి. మీ సొమ్ము మా దగ్గర అమానత్. అమానత్‌లో లాభం ఒక్కటే చెప్పి నష్టం దాస్తే, మమ్మల్ని మోసం చేసిన వ్యాపారికీ మాకూ తేడా ఉండదు.

జరిగిన సంగతి

ఆళ్ళగడ్డ, నంద్యాల చుట్టుపక్కల పల్లెల నుంచి పేద రోగులను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి ఒక బండి కావాలనుకున్నాం. కొత్తది కొనే స్తోమత లేదు. అందుకని ఒక ఆటో కన్సల్టెన్సీలో ఏడుగురు కూర్చునే సెకండ్ హ్యాండ్ వ్యాన్ చూశాం. మీటరు మీద 61 వేల కిలోమీటర్లు ఉంది. "ఒక్కటే ఓనరు, డాక్టరు గారి బండి. ఇంట్లో పెట్టుకున్నదే ఎక్కువ, తిప్పింది తక్కువ" అన్నాడాయన. అల్లాహ్ మీద ప్రమాణం కూడా చేశాడు. మేము బేరమాడుతుండగానే ఇద్దరు మనుషులొచ్చి బండి చుట్టూ తిరిగి, "ఇప్పుడే బయానా ఇస్తాం" అన్నారు. చేజారిపోతుందేమోనని మేము తొందరపడ్డాం. 3,45,000 రూపాయలు నగదు ఇచ్చి బండి తెచ్చుకున్నాం. ఆ రోజే ఆయన మన సొసైటీకి 5,000 రూపాయలు చందా ఇచ్చాడు. రసీదు రాసిచ్చి, ఆయన కోసం దువా చేసి వచ్చాం.

ఏడు వారాలైంది. ఎండాకాలం. డయాలసిస్‌కు వెళ్తున్న ఒక పెద్దాయనను ఆళ్ళగడ్డలో ఎక్కించుకుని బయలుదేరితే, శిరివెళ్ళ దగ్గర ఇంజన్ వేడెక్కి బండి ఆగిపోయింది. ఆటో దొరికే దాకా ఆయన రోడ్డు పక్కన చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ఆ రోజు ఆలస్యంగానైనా ఆసుపత్రి చేరాడు, అల్హమ్దులిల్లాహ్. చేరకపోయి ఉంటే మేము ఎవరికి ఏమని జవాబు చెప్పేవాళ్ళం?

నంద్యాల షెడ్డులో ఇంజన్ విప్పితే హెడ్డు దెబ్బతిని ఉంది. కంపెనీ సర్వీసు సెంటరులో పాత రికార్డు తీయిస్తే, ఏడాదిన్నర కిందటే ఆ బండి 1,42,000 కిలోమీటర్లు తిరిగినట్టు ఉంది. మేము మూడో ఓనరు కాదు, నాలుగో ఓనరు. ఎప్పటిదో ఫైనాన్స్ కూడా ఆర్‌సీ మీద కొట్టివేయకుండా అలాగే ఉంది. రిపేరుకే 68 వేలు అయ్యాయి. వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: "మీరు చూసుకునే కదా తీసుకున్నారు?"

ధర్మం ఏం చెబుతోంది

"చూసుకునే కదా" అన్న మాట 1400 ఏళ్ళ కిందటే తేలిపోయింది. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యం రాశి దగ్గర ఆగి చెయ్యి లోపలికి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందన్నాడు ఆ వ్యాపారి. అలాంటప్పుడు తడిసినది జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని హదీసు ఇది. గమనించండి, తడి ధాన్యం అమ్మవద్దని అనలేదు, దాచవద్దన్నారు. అలాగే పాత బండి అమ్మడం తప్పు కాదు. పాత బండి అన్నాక లోపాలుంటాయి. తడిసిన గింజను కిందకు తోసి, ఎండిన గింజను పైన పోయడమే తప్పు.

మీటరు వెనక్కి తిప్పడానికి సరిగ్గా సరిపోయే హదీసు ఇంకొకటి ఉంది. అమ్మకానికి ముందు ఒంటెను, గొర్రెను కొన్ని రోజులు పాలు పితకకుండా ఆపితే పొదుగు నిండుగా కనిపిస్తుంది. కొనేవాడు రోజూ అన్ని పాలు ఇస్తుందనుకుంటాడు. ఈ పనిని ప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయిన వ్యక్తికి ఆ పశువును ఉంచుకునే లేదా తిరిగి ఇచ్చేసే హక్కు కల్పించారు. అక్కడ పొదుగు, ఇక్కడ మీటరు. జంతువు నోరు విప్పి చెప్పలేదు, బండీ చెప్పలేదు.

మా బేరం మధ్యలో వచ్చిన ఆ ఇద్దరి సంగతి కూడా షరీఅత్‌లో ఉంది. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి బేరంలో దూరడాన్ని 'నజష్' అంటారు. అది నిషిద్ధం. అబద్ధపు ప్రమాణం సరుకును అమ్మిపెడుతుంది గానీ బర్కత్‌ను తుడిచేస్తుందని కూడా హదీసు హెచ్చరిస్తోంది. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి, ఉన్నది ఉన్నట్టు తెలిపితే ఆ బేరంలో శుభం ఉంటుందని, దాస్తే పోతుందని హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖనం. దాచిన లోపం తర్వాత బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కును ఫిఖ్హ్ పండితులు 'ఖియారుల్ ఐబ్' అన్నారు. అంటే కొనేవాడి అమాయకత్వం అమ్మేవాడికి లైసెన్సు కాదు.

నిజాయితీపరుడికీ నష్టమే

జార్జ్ అకెర్‌లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఆ వ్యాసమే ముఖ్య కారణం. అందులోని సంగతి మన సంతలో ఎవరికైనా అర్థమయ్యేదే. ఏ బండి మంచిదో ఏది చెడ్డదో కొనేవాడికి తెలియదు. కాబట్టి అన్నిటికీ మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డ బండి వాడు సంతోషంగా అమ్ముతాడు. క్రమంగా బజారులో చెడ్డ బళ్ళే మిగులుతాయి.

ఆటో కన్సల్టెన్సీలలో, మెకానిక్ షెడ్లలో, టింకరింగ్, పెయింటింగ్ పనుల్లో మన వాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఐబ్ చెప్పి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఒకడు దాచితే ఆ మచ్చ వాళ్ళందరికీ అంటుతుంది.

చూడవలసినవి

మన పెద్దలు ఎద్దును కొనేముందు పళ్ళు చూసేవాళ్ళు, నడిపించేవాళ్ళు, కాడి కట్టి చూసేవాళ్ళు. మేము మూడున్నర లక్షల బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చుకున్నాం. పైగా చూపించింది ఆ వ్యాపారి చెప్పిన మెకానిక్‌కే. అతనికి అక్కడ కమిషన్ ఉందని తర్వాత తెలిసింది. మా తప్పు మీరు చేయకుండా కొన్ని సంగతులు చెబుతాం.

మీటరు: డిజిటల్ మీటరును కూడా చిన్న పరికరంతో మార్చేస్తారు. మీటరు తక్కువ చూపిస్తూ, బ్రేకు పెడల్ రబ్బరు అరిగి, స్టీరింగ్ నున్నబడి, డ్రైవరు సీటు కుంగి ఉంటే అనుమానించాలి. కంపెనీ సర్వీసు సెంటరులో పాత రికార్డు అడగాలి. మేము ఆ పని ముందే చేసి ఉంటే ఈ వ్యాసం రాయవలసి వచ్చేది కాదు.

టైర్లు: టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 3219 అంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైందని అర్థం. నల్లరంగు పూసిన టైరు కొత్తది కాదు.

నీట మునిగిన బళ్ళు: 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. అలా నీట మునిగిన బండిని కడిగి, దూరపు ఊళ్ళో అమ్మితే అక్కడివాళ్ళకు ఆనవాలు దొరకదు. సీటు బెల్టు చివరి దాకా లాగి చూస్తే బురద గీత కనబడవచ్చు. మ్యాటు కింద తడివాసన, సీటు పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి చూడాలి.

ప్రమాదం జరిగిన బళ్ళు: పగటి వెలుగులో రంగు తేడా చూడాలి. తలుపుల మధ్య సందులు సమానంగా ఉన్నాయా, బోనెట్ బోల్టులకు స్పానరు గీతలున్నాయా గమనించాలి.

ఇంజన్: చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. మీరు వెళ్ళేసరికే వేడిగా ఉంటే మర్నాడు పొద్దున రండి. మీ మెకానిక్‌ను మీరే తీసుకెళ్ళి, కూలి మీరే ఇవ్వండి. హైవే మీద కనీసం అరగంట నడపండి.

కాగితాలు: ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఓనరు ఎన్నోవాడు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా అన్న వివరాలు తెలుస్తాయి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద చూసి ఆర్‌సీతో సరిపోల్చాలి. బయటి రాష్ట్రం రిజిస్ట్రేషన్ అయితే మరింత జాగ్రత్త. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్ళు అమ్మకూడదని సుప్రీంకోర్టు ఆదేశించాక, తుక్కు కింద కొన్న అలాంటి లారీలను దొంగ కాగితాలతో నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరు చేశారన్న ఆరోపణల మీద 2020లో మన పొరుగున ఉన్న తాడిపత్రిలో కేసులు నమోదయ్యాయి.

చట్టం ఇచ్చిన రక్షణ

బండి అమ్మినవాళ్ళూ వినాలి. పేరు మారేదాకా బాధ్యత పాత ఓనరుదే. ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న ఓనరే పరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి డీలరు చేతిలో పెట్టడం ప్రమాదం. ఫైనాన్స్ తీరితే ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో కొట్టివేయించాలి. ఇన్సూరెన్సును కొన్న 14 రోజుల్లోపు తమ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ళ డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నియమం అమల్లోకి వచ్చింది. ఆ పత్రం చూపమని అడగడానికి మొహమాటపడవద్దు. మీటరు రీడింగు, ఎన్నో ఓనరు, ప్రమాదాలు, ఫైనాన్స్ లేదన్న హామీ బిల్లు మీద రాయించుకోండి. నోటి ప్రమాణం కోర్టులో నిలవడం కష్టం.

మోసపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం రెండేళ్ళలోపు, మనం నివసించే జిల్లాకు చెందిన కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

ఆ 5,000 రూపాయల సంగతి

మేము రాతపూర్వకంగా నోటీసు పంపాక, ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో ఆయన రిపేరు ఖర్చులో 40 వేలు ఇచ్చాడు. మిగిలిన 28 వేలు కమిటీ సభ్యులం మా జేబుల నుంచి వేసుకున్నాం. మీ చందా నుంచి తీయలేదు. ఆ తర్వాత కమిటీలో ఒక పెద్దాయన, "మరి ఆయనిచ్చిన చందా ఏం చేద్దాం?" అని అడిగారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న వస్త్రాన్ని, ఆ లోపం చెప్పడం మరచి అమ్మేశాడట. కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేశారని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. ఈ కథ చెప్పి, దానం చేస్తే పాపం పోతుందనుకుంటారు కొందరు. కానీ అసలు సంగతి మరచిపోతారు: ఆయన దానం చేసింది కొన్నవాడు దొరకలేదు కాబట్టి. దొరికితే సొమ్ము అతనిది. అన్యాయంగా వచ్చిన డబ్బుకు హక్కుదారుడు ఎవరో తెలిసినప్పుడు, అతనికి తిరిగి ఇవ్వకుండా మసీదుకో మదరసాకో ఇస్తే బాధ్యత తీరదు. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదే స్వీకరిస్తాడు అన్నది ప్రవక్త (స) బోధ.

5,000 రూపాయలు ఆయనకు తిరిగి పంపాం. ఆయన తీసుకున్నాడు, ఏమీ అనలేదు. ఆయన పేరు మేము ఎక్కడా చెప్పలేదు, చెప్పం. తౌబా తలుపు ఆయనకూ తెరిచే ఉంది, మాకూ తెరిచే ఉంది. ఇకమీదట సొసైటీ ఏ వస్తువు కొన్నా ఇద్దరు సభ్యులు, మనం తీసుకెళ్ళిన నిపుణుడు, రాతలో హామీ, బ్యాంకు ద్వారా చెల్లింపు ఉండాలని తీర్మానించాం.

బండి ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఆ పెద్దాయన వారానికి రెండుసార్లు అందులోనే కర్నూలు వెళ్ళొస్తున్నాడు. ఏదో ఒక రోజు మేము కూడా దాన్ని అమ్మవలసి వస్తుంది. అప్పుడు అసలు ఎంత తిరిగింది, హెడ్డు ఎప్పుడు మార్చాం అన్నది కాగితం మీద రాసి, అద్దానికి అంటించి అమ్ముతాం. ధర తగ్గినా సరే. తడిసిన గింజను పైనే ఉంచుతాం.

మీ సంపాదనలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.