పింఛను, పని: పంచాయతీ సభ్యుని కర్తవ్యము

జూలూరుపాడు మండలము ఖమ్మము మైదానమునకును, భద్రాచలపు అడవులకును నడుమ నున్నది. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఖమ్మము జిల్లాలో నుండి, నాటినుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. పత్తి, మిరప పండించు రైతుల ఊళ్ళు, కోయ గూడెములు, లంబాడీ తండాలు ఇచట ఇరుగుపొరుగున కలవు. పాపకొల్లు గాని, కాకర్ల గాని, పడమట నర్సాపురము గాని, ఏ గ్రామమున నైనను పంచాయతీ సభ్యునికి తరచుగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు: "నా పింఛను ఏమాయె?"

ఈ ప్రశ్నకు "పై అధికారుల నడుగుము" అని చెప్పి పంపివేయుట సులభము. కాని అది సమాధానము కాదు. చట్టము చేయుట పార్లమెంటు పని, సొమ్ము మంజూరు చేయుట ప్రభుత్వము పని. ఆ సొమ్ము మంజూరైన చోటినుండి గుడిసె గుమ్మము చేరులోపల కొన్ని ద్వారములు కలవు. వయస్సు ఋజువు ఒక ద్వారము, వైకల్య ధ్రువపత్రము మరియొకటి, నెలనెల చెల్లింపు ఇంకొకటి. అర్హుడైన వాడు సాధారణముగా చట్టమువలన కాక, ఈ ద్వారములలో ఏదో యొకదానికడ నిలిచిపోవుచున్నాడు. ఆ ద్వారముకడ అతని ప్రక్కన నిలుచుట పంచాయతీ సభ్యుని కర్తవ్యమని మా అభిప్రాయము. అందు ఒక్కొక్క దానిని గూర్చి ఈ పాఠమున వివరింతము.

ఇది దయ కాదు

నిరుద్యోగము, వృద్ధాప్యము, అనారోగ్యము, వైకల్యము సంభవించిన వారికి ప్రభుత్వము తన ఆర్థిక శక్తి మేరకు సహాయము కల్పింపవలెనని భారత రాజ్యాంగము 41వ అధికరణమున ఆదేశించినది. మన దేశమున 1957లో ఉత్తర ప్రదేశ్ రాష్ట్రము వృద్ధాప్య పింఛను ప్రారంభించెను. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును నెలకొల్పెను. 2009లో వితంతువులకును, తీవ్ర వైకల్యము గలవారికిని ఆ కార్యక్రమముననే పింఛనులు ఏర్పడెను. 2012లో ఈ రెండింటికి కేంద్రమిచ్చు సహాయము నెలకు 300 రూపాయలుగా నిర్ణయింపబడెను.

తెలంగాణ రాష్ట్రము 2014 నవంబరు 8న ఆసరా పథకమును ప్రారంభించి, వృద్ధులకు, వితంతువులకు నెలకు 1,000 రూపాయలు, వికలాంగులకు 1,500 రూపాయలు నిర్ణయించెను. 2019లో ఈ మొత్తములు 2,016కును, 3,016కును పెరిగెను. వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైనది. కూలి పనికి పోజాలని వృద్ధురాలికి ఈ సొమ్ము నెల బియ్యమునకు, మందులకు ఆధారము. కనుక ఒక్క నెల తప్పినను ఆ ఇంట కష్టము తప్పదు. పింఛను అడుగవచ్చిన వానిని యాచకునిగా చూడరాదు. అతడు తనకు రావలసిన దానినే అడుగుచున్నాడు.

మొదటి ద్వారము: వయస్సు

అడవి అంచు పల్లెలలో పుట్టిన వృద్ధులు పలువురికి జనన నమోదు లేదు. బడికి పోనందున పాఠశాల పత్రమును లేదు. ఆధార్ కార్డు వ్రాయించుకొను నాడు ఎవరో ముఖము చూచి వేసిన అంకెయే ఇప్పుడు వయస్సుగా నిలిచినది. ఆ అంకె పది సంవత్సరములు తక్కువైనచో, ఆ వృద్ధునికి పింఛను పది సంవత్సరములు వెనుకబడినట్లే.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. బ్రిటిషు పార్లమెంటు 1908లో వృద్ధాప్య పింఛను చట్టము చేసి, 1909 జనవరి 1 నుండి డెబ్బది యేండ్లు నిండిన పేదలకు తపాలా కార్యాలయముల ద్వారా పింఛను చెల్లింపసాగెను. నాడు ఐర్లండులోని వృద్ధులకు వయస్సు ఋజువు దొరకలేదు. ఆ దేశమున జననముల నమోదు 1864లో గాని సంపూర్ణముగా ప్రారంభము కాలేదు. అప్పుడు అధికారులు 1841, 1851 సంవత్సరముల జనాభా లెక్కల కాగితములను వెదకించి, చిన్ననాడు ఆ ఇంట వ్రాయబడిన పేరును బట్టి వయస్సు నిర్ణయించిరి. ఋజువు లేదని వృద్ధుని త్రిప్పి పంపుటకు బదులు, ఋజువును వెదకుటకు పూనుకొనిరి. మనము నేర్వదగిన దిదియే.

మన ఊళ్ళలో పాత ఓటర్ల జాబితాలు, పాత రేషను కార్డులు, పెద్ద బిడ్డ వయస్సు తెలుపు పాఠశాల రిజిస్టరు వంటివి వయస్సును ఊహించుటకు తోడ్పడును. సభ్యుడు వీటిని సేకరించి కార్యదర్శి ద్వారా మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి సమర్పింపవలెను. ఆధార్ లోని తప్పును సవరింపజేయుటకు ఎవరైన వెంట వెళ్ళుట మరియు మంచిది.

రెండవ ద్వారము: వైకల్య ధ్రువపత్రము

1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధములైన వైకల్యములనే గుర్తించెను. 2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము వానిని 21కి పెంచెను. కన్ను, చెవి, కాలు, చేయి మాత్రమే కాక, మానసిక వ్యాధి, బుద్ధి మాంద్యము, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి కూడ ఇందులో చేరినవి. సికిల్ సెల్ వ్యాధి గిరిజన కుటుంబములలో ఎక్కువగా కానవచ్చు రక్తవ్యాధి. రోగికి కీళ్ళనొప్పులు, రక్తహీనత తరచుగా కలుగును. కాలు, చేయి బాగుగనే యున్నవి గదా అని ఊరివారు అతనిని సోమరియని నిందింతురు. ఇట్టివారికి పరీక్ష చేయించి ధ్రువపత్రము ఇప్పింపవచ్చునని తెలియుటయే పెద్ద ఉపకారము.

చట్టము ప్రకారము అనేక ప్రయోజనములకు 40 శాతము వైకల్యము ఉండవలెను. 2014 నాటి ఆసరా నియమములలో వినికిడి లోపమునకు మాత్రము 51 శాతము నిర్ణయింపబడెను. శాతమును నిర్ణయించునది వైద్యుల బృందము. సభ్యుడు గాని, కార్యదర్శి గాని కంటితో చూచి తీర్పు చెప్పరాదు. వేళకు శిబిరమునకు చేర్చుటయే వారి పని.

మరియొక విషయము. కొన్ని ధ్రువపత్రములకు గడువు కలదు. గడువు తీరిన తెలియక ఊరకుండిన వానికి పింఛను ఆగిపోవు ప్రమాదమున్నది. కావున గ్రామములోని ప్రతి ధ్రువపత్రము యొక్క గడువు తేదీని ఒక పుస్తకమున వ్రాసికొని, మూడు నెలలు ముందుగనే వారికి జ్ఞాపకము చేయవలెను. మంచము దిగలేని రోగిని కొత్తగూడెము వరకు తీసికొనిపోవుటకు బండి కావలెను. దానికి ఊరు తోడ్పడవలెను.

మూడవ ద్వారము: నెలనెల చెల్లింపు

ఈ విషయమున ఖమ్మము జిల్లాకు స్వానుభవము కలదు. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము పింఛనులను, ఉపాధి హామీ కూలిని వేలిముద్ర గల స్మార్టు కార్డు మీద చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టెను. 2010-2012 నడుమ ఎనిమిది జిల్లాలలో ఆర్థికశాస్త్ర పరిశోధకులు దీని ఫలితములను పరిశీలించిరి. ఆ ఎనిమిదింటిలో ఖమ్మము ఒకటి. 157 మండలములలో కొన్నిటికి కార్డులు ముందుగను, కొన్నిటికి తరువాతను ఇచ్చి, రెంటిని పోల్చిరి. ఫలితముగా కూలి సొమ్ము తీసికొనుటకు పట్టు సమయము సుమారు 20 శాతము తగ్గెను. పింఛనులలో మధ్యవారి పాలగు సొమ్ము ఇంచుమించు సగము తగ్గెను. 90 శాతమునకు పైగా లబ్ధిదారులు క్రొత్త పద్ధతియే మేలనిరి.

దీనికి కారణము యంత్రమొక్కటియే కాదు. చెల్లింపు చేయునది సాధారణముగా ఆ ఊరనే నివసించు స్వయంసహాయక సంఘపు మహిళ. లబ్ధిదారుడు మండల కేంద్రమునకు నడువవలసిన పనిలేదు. అన్నిటికంటె ముఖ్యముగా, కార్డు లేనివారికి, వేలిముద్ర పడనివారికి కూడ సొమ్ము ఆపక పాత పద్ధతిని చెల్లించుచునే వచ్చిరి.

జార్ఖండ్ రాష్ట్రమున రేషను దుకాణములలో ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేసినప్పుడు దీనికి భిన్నముగా జరిగెను. అంతకుముందు ఆధార్ జతపరచుకొనని కుటుంబములకు అందు సరకు విలువ సుమారు 10 శాతము తగ్గినట్లు అచటి పరిశోధనలో తేలెను. యంత్రము ఒకటియే అయినను, దానికి చిక్కనివాని కొరకు వేరు దారి యుంచుటయు, ఉంచకపోవుటయు ఇంత భేదము కలిగించినవి.

ఏండ్ల తరబడి పత్తి తీసి, కట్టెలు కొట్టి అరిగిన వ్రేళ్ళకు గీతలు మిగులవు. తెలంగాణలో పింఛను చెల్లింపునకు 2025లో ముఖ గుర్తింపు పద్ధతి ప్రవేశపెట్టబడుటకు ఇదియొక కారణము. వేలిముద్ర పడలేదని వృద్ధుడు వట్టిచేతులతో మరలిపోయినచో, సభ్యుడు నాడే కార్యదర్శికిని, తపాలా ఉద్యోగికిని తెలియజేయవలెను. మిరప కోతలకు పొరుగూరు పోయి వరుసగా నెలలు పింఛను తీసికొననివారి పేర్లను కూడ గమనింపవలెను.

మరణించినవారి పేరున పింఛను కొనసాగరాదు. మరణమును 21 దినములలోగా నమోదు చేయింపవలెను. మరణించినవారు 18 నుండి 59 ఏండ్ల వయస్సున ఇంటిని పోషించు పేదలైనచో, ఆ కుటుంబము జాతీయ కుటుంబ ప్రయోజన పథకము క్రింద 20,000 రూపాయలకు దరఖాస్తు చేసికొనవచ్చును. దానికిని మరణ ధ్రువపత్రమే ఆధారము.

పింఛనుతో పాటు పని

పింఛను ఆకలిని కొంత తీర్చును గాని, పని మనిషికి గౌరవము నిచ్చును. ఒంటికాలి యువకుడు కుట్టుమిషను త్రొక్కలేకపోవచ్చును, కాని విద్యుత్ మోటారు గల మిషనుపై కుట్టగలడు. కన్ను లేని స్త్రీ విస్తళ్ళు కుట్టగలదు. వీరు చేయలేనిదానికంటె చేయగలదానిని ముందుగా అడిగి తెలిసికొనవలెను.

2016 చట్టము ప్రభుత్వోద్యోగములలో 4 శాతమును, దారిద్ర్య నిర్మూలన పథకములలోను, గృహ కేటాయింపులలోను 5 శాతమును 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గలవారికి ప్రత్యేకించినది. ఇందులో స్త్రీలకు గృహములందు, భూమి కేటాయింపులందు ప్రాధాన్యము కలదు. గ్రామమునకు వచ్చు ఏ జాబితా నైనను చేతబట్టి, "ఇందు నూటికి ఐదుగురు వికలాంగులున్నారా?" అని సభ్యుడు సభలో అడుగవలెను.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ చట్టము మొదట అమలుపరచిన 200 జిల్లాలలో ఖమ్మము ఒకటి. నాటినుండి పని స్థలములందు త్రాగునీరు అందించుట, పసిపిల్లలను చూచుకొనుట, మొక్కలకు నీరు పోయుట వంటి పనులు శరీరశ్రమ తక్కువ చేయగలవారికి అప్పగింపవచ్చునని రుజువైనది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టము స్థానమున 125 దినముల పనిని ఉద్దేశించిన క్రొత్త చట్టమును ఆమోదించెను. చట్టము మారినను పని పంచునది గ్రామమే. పనుల పట్టిక తయారగునప్పుడే వికలాంగుల పేర్లు ఎదుట నుండవలెను.

గ్రామసభలో చేయవలసినవి

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుపవలెనని నిర్దేశించినది. షెడ్యూలు ప్రాంత గ్రామములలో దారిద్ర్య నిర్మూలన పథకముల లబ్ధిదారులను గుర్తించు బాధ్యత గ్రామసభదేయని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. ఈ అధికారమును వాడుకొనుటకు మేము సూచించు క్రమ మిది:

ఒకటి. వార్డు వార్డునకు ఇంటింటికి తిరిగి వృద్ధుల, వితంతువుల, వికలాంగుల పుస్తకము వ్రాయవలెను. పింఛను పొందువారు, పొందనివారు, పొందకపోవుటకు కారణము వేరువేరుగా ఉండవలెను.

రెండు. ఆ పుస్తకమును గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపింపవలెను. గూడెములలోను, తండాలలోను వారి భాషలో చెప్పింపవలెను. వ్యాధి పేరు వంటి స్వవిషయములను మాత్రము సభలో చదువరాదు.

మూడు. అనర్హుని పేరు తొలగించుటకు చూపు శ్రద్ధను అర్హుని పేరు చేర్చుటకును చూపవలెను.

నాలుగు. ప్రతి దరఖాస్తునకు రసీదు తీసికొని, తేదీ వ్రాసి, వచ్చు సభలో దాని గతి ఏమైనదో కార్యదర్శిని అడుగవలెను.

ఐదు. సభ జరుగు చోటికి మెట్లుండరాదు. కుంటివాడు ఎక్కలేని అరుగుపై కుంటివాని హక్కులను చర్చించుట తగదు.

ఈ పనులకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, నెలకు రెండు మూడు దినముల తిరుగుడు చాలును. పార్టీని, కులమును చూడక ఈ పని చేసిన సభ్యుని మాట ఊరిలో చెల్లును. వచ్చు గ్రామసభకు ముందుగా ప్రతి సభ్యుడును తన వార్డులో పింఛను రాని అర్హులెందరో లెక్కించి, ఆ సంఖ్యను చేతబట్టుకొని సభకు రావలెనని కోరుచున్నాము.