గర్భిణీ స్త్రీలు – రుబెల్లా నిరోధక శక్తి

రుబెల్లా అనునది పిల్లలకు వస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోని జబ్బు. కాస్త జ్వరం, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు, చెవుల వెనుక బిళ్ళలు. మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ అదే వైరస్ గర్భిణీ స్త్రీకి మొదటి 12 వారాల్లో సోకినచో కడుపులోని బిడ్డకు నూటికి 90 వరకు హాని జరగవచ్చును. కంటిలో శుక్లం, చెవుడు, గుండె లోపం ముఖ్యమైనవి. ఈ సంగతి 1941లో బయటపెట్టినవాడు ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్. శుక్లాలతో పుట్టిన పసివాళ్ళు వరుసగా తన దగ్గరకు వస్తుంటే అనుమానించి ఆరా తీశాడు.

మన మెదక్‌లో ఒక గర్భిణిని "చిన్నప్పుడు నీకు రుబెల్లా వచ్చిందా?" అని అడిగితే ఏం చెబుతుంది? దద్దుర్లతో వచ్చే జ్వరాలన్నీ మన ఇళ్ళల్లో అమ్మవారే! పైగా చాలామందికి ఏ లక్షణమూ లేకుండానే వచ్చి పోతుంది. కాబట్టి జ్ఞాపకాన్ని నమ్మలేము, రక్తంలో ఐజిజి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

టీకా లేని రోజుల్లో ఈ శక్తి జనసమ్మర్దం వల్ల వచ్చేది. ఇరుకు గల్లీల్లో, బళ్ళలో, హాస్టళ్ళలో పెరిగిన పిల్లకు చిన్ననాడే వైరస్ తగిలిపోయేది. దూరపు తండాలో పెరిగిన పిల్లకు తగలకపోవచ్చు. విశాలమైన ఇంట్లో ఒక్కతే పెరిగిన డబ్బున్నవారి పిల్లకూ అంతే. అందుచేత పేదరికం ఉన్నచోటే రక్షణ తక్కువని తేల్చేయడానికి వీల్లేదు. తండాలో పెరిగిన ఆ పిల్లే పెళ్ళై పట్నం వచ్చి పదిమంది పిల్లలున్న ఇంట్లో అడుగు పెడితే, ముప్పు అప్పుడు మొదలు.

మూడో నెల నిండేదాకా కడుపు సంగతి నలుగురికీ చెప్పకూడదన్న పద్ధతి ఒకటి ఉంది. ఆమె ఆసుపత్రిలో పేరు రాయించుకునే సరికి ప్రమాదకరమైన ఆ 12 వారాలు కాస్తా గడిచిపోతాయి. ముందే వచ్చినా గర్భంతో ఉండగా ఈ టీకా వేయరు. కాన్పు తర్వాత వేయవచ్చు, పాలివ్వడానికి అడ్డు లేదు. టీకా వేసుకున్నాక ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుండి 15 ఏళ్ళ లోపు వారికి తట్టు–రుబెల్లా టీకా వేశారు. మనలో చాలామందికి బడిలోనే వేసిన సూది అదే. అప్పటికే 15 దాటిన మన అక్కలు, వదినలు దానికి నోచుకోలేదు. ఇప్పుడు తల్లులవుతున్నవారిలో వాళ్ళే ఎక్కువ. గ్రీసులో 1975 ప్రాంతం నుండి కొద్దిమంది పిల్లలకే టీకా వేశారు. వైరస్ తిరగడం తగ్గిందేగాని ఆగలేదు. చిన్నప్పుడు దాన్ని ఎరగని ఆడపిల్లలు పెద్దవాళ్ళయ్యాక, 1993లో జబ్బు చెలరేగి లోపాలతో బిడ్డలు పుట్టారు.

కనుక టీకా లేని వదినకు కాపుదల ఇంట్లోని చంటివాడే. వాడికి 9 నెలలు నిండగానే ఒక మోతాదు, 16–24 నెలల మధ్య రెండోది పడాలి. మొదటిది వేయించి రెండోది మరిచిపోయే ఇళ్ళు ఉన్నాయి. ఈ టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. వాడి కార్డు ఒకసారి తీసి చూడండి.