చెప్పిన వేళకు వెళ్ళడం
(బాలల గృహాల్లోని పిల్లలతో మన అనుబంధం)

ఏటా మన విద్యార్థి సంఘం వారు ఏదో ఒక బాలల గృహానికి వెళ్ళి పళ్ళు, రొట్టెలు పంచి రావడం ఆనవాయితీ. రెండేళ్ళ క్రితం నేనూ అరటి గెల మోసినవాణ్ణే. తిరిగి వస్తూ బస్సులో పాటలు పాడుకున్నాం కూడా. ఆ తరువాత సోషల్ వర్క్ విద్యార్థిగా ఫీల్డ్ వర్క్ కోసం మరొక గృహానికి వారం వారం వెళ్ళవలసి వచ్చింది. అక్కడ నేర్చుకున్న పాఠమూ, చేసిన తప్పూ రెండూ పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. ఈ గృహాల్లో ఉన్నవాళ్ళంతా అనాథలు కారు. చాలామందికి తల్లో, తండ్రో ఉన్నారు. ఇంట్లో దెబ్బలకు తాళలేక రైలెక్కినవాళ్ళు, పనిలోంచి విడిపించి తెచ్చినవాళ్ళు, తల్లి మంచాన పడితే చూసే దిక్కులేనివాళ్ళు ఉంటారు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలను 24 గంటలలోగా బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమే కావాలని కూడా ఆ చట్టమే అంటోంది. కానీ పిల్లవాడి వైపు నుంచి చూడండి. పోలీసు అడుగుతాడు, కమిటీ అడుగుతుంది, సూపరింటెండెంటు అడుగుతాడు, మాలాంటి విద్యార్థులు అడుగుతారు. అందరూ వాడి కథ రాసుకుంటారు, వెళ్ళిపోతారు.

గాయం అంటే ఏమిటి?

బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో, పసివాడికి తిండీ బట్టా ఎంత అవసరమో నిలకడగా ఉండే ఒక మనిషి ప్రేమ కూడా అంత అవసరమని వాదించాడు. తరువాతి పరిశోధనలు దీనికి బలం చేకూర్చాయి. రుమేనియా రాజధాని బుకారెస్టులో అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది చిన్నపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి, సంస్థల్లోనే ఉన్నవారితో పోల్చి చూశారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం కుటుంబాల్లో పెరిగినవారి తెలివితేటలు మెరుగుపడ్డాయి. ఎంత చిన్న వయసులో చేరితే అంత మేలు జరిగింది.

భయం మనిషి మెదడులో ఒక గంట లాంటిది. ప్రమాదం వస్తే మోగాలి, పోతే ఆగాలి. రోజూ దెబ్బలు తిన్న పిల్లవాడిలో ఆ గంట చీమ చిటుక్కుమన్నా మోగుతుంది. మోగుతున్నంతసేపూ ఆలోచించే శక్తి వెనక్కి తగ్గుతుంది. అలాంటివాడికి ఎక్కాలు రాలేదంటే అది మొద్దుతనం కాదు. కాబట్టి "వీడికేం పోయేకాలం?" అనే బదులు "వీడికేం జరిగింది?" అని ఆలోచించడమే ఈ విద్యకు ఓనమాలు.

నా తప్పు

నేను చదువు చెప్పిన పిల్లవాడికి పదకొండేళ్ళు. పేరు రాయను. మొదటి రోజు లెక్క సరిగ్గా చేశాడని వీపు తట్టబోతే రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. రాత్రి చపాతీలు మడిచి దిండు కింద దాచేవాడు. కాపలాదారు దాన్ని దొంగబుద్ధి అన్నాడు. అక్కడి కౌన్సెలర్ మేడమ్ మాత్రం, "రేపు పెడతారన్న నమ్మకం వాడికింకా కుదరలేదండీ" అని మంచం పక్కనే ఒక బిస్కెట్ల డబ్బా పెట్టించారు. దాచడం మర్నాడే ఆగలేదు. నెల దాటాక తగ్గింది.

మూడో నెలకు నన్ను "అన్నా" అని పిలవసాగాడు. "వచ్చే శనివారం తప్పకుండా వస్తాన్రా, గాలిపటం చేద్దాం" అన్నాను. ఇంతలో సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి. మూడు వారాలు వెళ్ళలేదు. ఫోను చేసి చెప్పాలని కూడా తోచలేదు. నాలుగో శనివారం వెళితే "ఎవరు కావాలి సార్?" అన్నాడు. కాసేపటికి, మేమిద్దరం రాసుకున్న లెక్కల నోట్సు నా కళ్ళెదుటే చింపేశాడు.

నాకు కోపం వచ్చింది. మేడమ్‌తో చెప్పుకున్నాను. ఆమె, "చింపాక కూడా మీరు వస్తారా రారా అని చూస్తున్నాడు. జవాబు నోటితో చెప్పకండి" అన్నారు.

వాడి దగ్గరికెళ్ళి, "రాకపోవడం నా తప్పేరా, నీవల్ల కాదు" అన్నాను. ఒక క్యాలెండరు తెచ్చి గోడకు తగిలించి, నేను వచ్చే రోజులకు సున్నా చుట్టాం. నాలుగు గంటలంటే నాలుగు గంటలకే వెళ్ళాను. రాలేని ఒక్కసారి ముందుగా ఫోను చేశాను. రెండు వారాలు మాట్లాడలేదు. అయిదో వారం వరండా గోడెక్కి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "నాలుగైంది" అన్నాడు. అంతే.

నేర్చుకున్నవి

1. కథ అడగవద్దు. వాడే చెబితే వినాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయరాదు. ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే బాధ్యులకు గాని, 1098 నంబరుకు గాని చెప్పితీరాలి.

2. నిలబెట్టుకోగల చిన్న మాటే ఇవ్వాలి. మాట తప్పితే చిన్నవాడని చూడకుండా ఒప్పుకోవాలి.

3. ముట్టుకునే ముందు అడగాలి. ఏ ఆట, ఏ పాఠం అన్నది వాణ్ణే ఎంచుకోనివ్వాలి. వాడి బతుకులో వాడు ఎంచుకున్నది చాలా తక్కువ.

4. రాత్రి జ్వరమొస్తే లేచేది ఆయమ్మ, మనం కాదు. ఆమెను తక్కువ చేసి పిల్లల మెప్పు పొందరాదు.

5. ఫొటో తీసి పత్రికలకు ఇవ్వరాదు. ఈ పిల్లల గుర్తింపు బయటపెట్టడం ఆ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

6. చెప్పకుండా వెళ్ళిపోరాదు. నా ఫీల్డ్ వర్క్ ముగుస్తుందని నాలుగు వారాల ముందే చెప్పి, క్యాలెండరులో ఇద్దరం లెక్కపెట్టుకున్నాం. చివరి రోజు గేటు దాకా వచ్చాడు. "పరీక్షలు బాగా రాయి అన్నా" అన్నాడు.

మిత్రులారా! పళ్ళు పంచడం తప్పని నేననను. కానీ ఏడాదికొకసారి అరవైమందిమి వెళ్ళే బదులు, సూపరింటెండెంటు గారి అనుమతితో ఆరుగురం ఏడాది పొడుగునా ఒకే రోజు, ఒకే వేళకు వెళ్ళగలమా? పద్దెనిమిదేళ్ళు నిండగానే ఆ పిల్లలు గృహం విడిచి బయటికి రావాలి. సాధారణంగా 21 ఏళ్ళ దాకా వారికి చేయూతనివ్వడానికి నియమాలున్నాయి గాని, చేయూత అంటే కాగితం ఒక్కటే కాదు గదా! అది మన మొదటి సంవత్సరం విద్యార్థుల వయసే. బ్యాంకుకో, హాస్టలుకో తోడు వెళ్ళే ఒక స్నేహితుడు వారికీ కావాలి.

కొత్త కార్యవర్గం వారు ఆలోచించాలని నా మనవి. ఆరుగురిలో మొదటి పేరు నాది రాసుకోండి. శనివారం, సాయంత్రం నాలుగు గంటలకు.